బండితో పాటు కొనవలసినవి

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షనర్ల సమావేశంలో డి.ఎ. బకాయిల గురించో, వైద్య ఖర్చుల గురించో మాట్లాడాలి గాని మోటారు సైకిలు గురించి ఏమిటని కొందరికి అనిపించవచ్చు. ఆ రెండు విషయాలూ నాకంటే బాగా తెలిసినవారు ఉదయమే చెప్పారు. నేను ముప్పై నాలుగేళ్లు రోడ్డు రవాణా సంస్థ వర్క్‌షాపులో బండ్ల మధ్య గడిపినవాణ్ని. నాకు తెలిసింది నట్లూ బోల్టులూ, రోడ్డూను. కనుక ఆ సంగతే నాలుగు మాటలు మనవి చేస్తాను.

ఇది మనకు సంబంధించిన విషయమే. పిల్లవాడు కాలేజీలో చేరినా, ఉద్యోగంలో చేరినా మొదట అడిగేది బండి. చాలా ఇళ్లలో ఆ బండికి మొదటి వాయిదా కట్టేది తాతయ్యే. కొడుకుకి ఇంటి అప్పు, పిల్లల ఫీజులు ఉంటాయి. నెల మొదట్లో ఠంచనుగా వచ్చేది మన పెన్షనే గదా! డబ్బు ఇచ్చేవారికి ఒక మాట చెప్పే హక్కు కూడా ఉంటుంది. ఆ మాట ఏమిటంటే, బండి ధరలో పదో వంతు విడిగా తీసి పెట్టి, దానితో బండి నడిపేవాడి ఒంటికి కావలసినవి కొనాలి. బండి ఇంటికి వచ్చిన తరువాత కాదు, బండి తాళం చేతికి రాకముందే కొనాలి.

షోరూముకు వెళ్లినప్పుడు ఏం జరుగుతుందో మీకు తెలుసు. సీటు కవరు, లెగ్ గార్డు, పెయింటు మెరవడానికి టెఫ్లాన్ పూత అంటూ ఒక చీటీ రాసి ఇస్తారు. మనం కూడా లక్ష రూపాయలు పెట్టాక ఇదెంతలే అని సరేనంటాం. పెయింటుకు గీత పడకుండా డబ్బు ఖర్చు పెడతాం. నడిపేవాడి మోకాలికి దెబ్బ తగలకుండా ఖర్చు పెట్టడం మాత్రం ఎవరికీ తోచదు. ఆ చీటీలో సగం కొట్టేస్తే చాలు, నేను చెప్పబోయే సామానులో సగం వచ్చేస్తుంది.

ఎందుకింత పట్టుదల?

కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రచురించిన నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవారే. హెల్మెట్ లేకుండా చనిపోయినవారు 50,029 మంది. ఆ యాభై వేలలో 14,337 మంది బండి నడుపుతున్నవారు కారు, వెనక కూర్చున్నవారు. ఈ చివరి అంకెను కాస్త గుర్తుపెట్టుకోండి. వెనక కూర్చునేది మనమే.

"మేము రాజ్‌దూత్ మీద ముప్పై ఏళ్లు తిరిగాం, ఏ హెల్మెట్టూ లేదు, ఏమీ కాలేదు" అనే మిత్రులు ఈ హాలులోనే ఉన్నారు. నిజమే. కాని ఆనాడు మన రోడ్ల మీద ఇన్ని లారీలు, ఇన్ని కార్లు ఉన్నాయా? ఇప్పటి బండ్ల వేగం ఆనాటి బండ్లకు ఉందా? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక సెకండులో సుమారు 17 మీటర్లు ముందుకు పోతుంది. కుక్క అడ్డం వచ్చిందని గ్రహించేలోపే సగం దూరం అయిపోతుంది.

"వీధి చివరిదాకానేగా, నెమ్మదిగానేగా" అనేది ఇంకొక మాట. బండి మీద కూర్చున్న మనిషి తల నేల నుంచి సుమారు ఒకటిన్నర మీటర్ల ఎత్తులో ఉంటుంది. బండి కదలకుండా నిలబడి ఉన్నా సరే, అంత ఎత్తు నుంచి పడిన తల నేలను తాకేసరికి దాని వేగం గంటకు 19 కిలోమీటర్లు దాటుతుంది. కింద ఉన్నది సిమెంటు రోడ్డు. కనుక నెమ్మదిగా వెళ్లేవాడికి హెల్మెట్ అక్కరలేదన్నది లెక్కకు నిలవదు.

హెల్మెట్ సంగతి శాస్త్రీయంగా తేలడానికి ఒక ప్రసిద్ధుడి మరణం కారణమైంది. మనలో చాలామంది "లారెన్స్ ఆఫ్ అరేబియా" సినిమా చూసినవారే. ఆ సినిమా మోటారు సైకిలు ప్రమాదంతోనే మొదలవుతుంది. టి.ఇ. లారెన్స్ 1935 మేలో ఇంగ్లండులో సైకిళ్ల మీద వస్తున్న ఇద్దరు కుర్రాళ్లను తప్పించబోయి బండి మీదనుంచి పడ్డాడు. తలకు దెబ్బ తగిలి ఆరు రోజులకు మరణించాడు. అప్పుడు ఆయనను చూసిన వైద్యుల్లో హ్యూ కెయిర్న్స్ అనే మెదడు శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన ఆ తరువాత సైన్యంలో మోటారు సైకిళ్ల మీద తిరిగేవారి తల గాయాలను పరిశీలించి, హెల్మెట్ ప్రాణం కాపాడుతుందని 1941లో వైద్య పత్రికలో రాశాడు. ఆ ఏడాదే బ్రిటిష్ సైన్యం తన మోటారు సైకిలిస్టులకు హెల్మెట్ తప్పనిసరి చేసింది. తరువాత అనేక దేశాల్లో జరిగిన పరిశీలనలన్నీ కలిపి 2008లో చూసినప్పుడు, హెల్మెట్ వల్ల ప్రమాదంలో చనిపోయే అవకాశం 42 శాతం, తలకు గాయమయ్యే అవకాశం 69 శాతం తగ్గుతాయని తేలింది.

మొదటి ఖర్చు హెల్మెట్

ముందు చట్టం చెబుతాను. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 138వ నిబంధన ప్రకారం కొత్త ద్విచక్ర వాహనంతో పాటు బి.ఐ.ఎస్. ప్రమాణాలకు తగిన హెల్మెట్ ఇవ్వాలి. షోరూములో నోరు తెరిచి అడగండి. అది మీ పిల్లవాడి తలకు సరిపోతే సరే. సరిపోకపోతే ఇంట్లో ఆ సైజు తల ఉన్నవారికి ఇచ్చి, వాడికి వేరేది కొనండి.

హెల్మెట్ మీద ఐ.ఎస్.ఐ. ముద్ర ఉండాలి. ఉత్త ముద్ర చూసి తృప్తిపడవద్దు. ముద్రకు పైన ఐ.ఎస్. 4151 అనే అంకె, కింద సి.ఎం./ఎల్. అనే అక్షరాల తరువాత లైసెన్సు నంబరు ఉండాలి. ఆ నంబరును బి.ఐ.ఎస్. కేర్ అనే యాప్‌లో కొడితే తయారీదారు ఎవరో, లైసెన్సు అమలులో ఉందో లేదో తెలుస్తుంది. ఈ పని మనవడికి చెబితే అర నిమిషంలో చేసిపెడతాడు. 2021 జూన్ 1 నుంచి ఈ ముద్ర లేని హెల్మెట్ల తయారీ, అమ్మకం చట్టవిరుద్ధం. రోడ్డు పక్కన గుట్టలు పోసి అమ్మే చవక హెల్మెట్ చలానా తప్పించుకోవడానికి పనికొస్తుందేమో గాని, తలకు పనికిరాదు. దాని లోపల ఉండవలసిన గట్టి థర్మాకోల్ పొర బదులు మెత్తని స్పాంజి ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు ఆ థర్మాకోల్ పొర నలిగి, తలకు చేరవలసిన ఊపును తాను మింగుతుంది. పైన కనిపించే డొప్ప కంటే లోపలి ఆ పొరే ముఖ్యం.

సరసమైన ధరలో మంచి హెల్మెట్ దొరుకుతుందా? దొరుకుతుంది. ఫరీదాబాదులో, బెలగావిలో తయారై మన ఊళ్లకు వచ్చే ఐ.ఎస్.ఐ. ఫుల్ ఫేస్ హెల్మెట్లు సుమారు పన్నెండు వందల నుంచి రెండు వేల లోపు ఉన్నాయి. అంతకు మించి పెట్టేది చాలావరకు బరువు తగ్గడానికి, గాలి బాగా ఆడటానికి, లోపలి గుడ్డ నాణ్యతకు, రంగులకు. ఉన్నవారు కొనుక్కోవచ్చు. లేనివారు కలత పడనక్కరలేదు. గడ్డం దగ్గర కూడా మూసి ఉండే ఫుల్ ఫేస్ రకమే తీసుకోండి. కళ్లజోడు ఉన్నవారికి ముందు భాగం పైకి లేచే రకం వీలుగా ఉంటుంది.

సైజు విషయంలో తొందర పనికిరాదు. టైలరు టేపు తీసుకుని కనుబొమలకు ఒక అంగుళం పైన తల చుట్టూ కొలవండి. ఆ సెంటీమీటర్ల అంకెను హెల్మెట్ లోపలి చీటీతో పోల్చండి. పెట్టుకున్నప్పుడు బుగ్గలు కొంచెం నొక్కుకోవాలి. హెల్మెట్‌ను చేత్తో పక్కకు తిప్పితే అది ఒక్కటే తిరగకూడదు, నుదుటి చర్మం కూడా దానితో కదలాలి. తరువాత పట్టీ బిగించి, వెనక అంచు పట్టుకుని పైకి, ముందుకు లాగండి. ఊడి వచ్చిందంటే అది ఆ తలది కాదు. పది నిమిషాలు అలాగే ఉంచుకుని, ఎక్కడైనా ఒక్కచోట పోటు పెడుతుందేమో చూడాలి. వదులుగా ఉన్నదాన్ని "పెద్దవాడయ్యాక సరిపోతుందిలే" అని కొనడానికి అది స్కూలు చొక్కా కాదు.

పట్టీ పెట్టుకోని హెల్మెట్ ప్రమాదంలో మనిషికంటే ముందే ఎగిరి పడుతుంది. హెల్మెట్ తప్పనిసరి అని చెప్పే మోటారు వాహనాల చట్టం 129వ సెక్షనులోనే పట్టీ బిగించి ఉండాలని కూడా ఉంది.

ఆడపిల్లలకు ఒక మాట. కొప్పు మీద, క్లిప్పు మీద హెల్మెట్ సరిగా కూర్చోదు. జడ కిందికి వేసుకుని పెట్టుకోవాలి. చున్నీ కొసలు వెనక చక్రానికి అందకుండా దోపుకోవాలి. చీరకట్టుతో వెనక కూర్చునే అమ్మమ్మలు, నానమ్మలు ఉన్న ఇంట్లో చక్రానికి శారీ గార్డు తీయించకండి. స్టయిలుగా లేదని పిల్లలు విప్పేస్తుంటారు. అది అలంకారం కోసం పెట్టింది కాదు. వెనక చక్రాన్ని సగమైనా కప్పే రక్షణ ఉండాలని నిబంధనల్లోనే ఉంది.

చేతులు, కాళ్లు

పడే మనిషి తెలియకుండానే అరచేతులు ముందు చాపుతాడు. మా బంధువుల కుర్రవాడొకడు మలుపులో ఇసుక మీద జారి పడ్డాడు. వేగం లేదు, హెల్మెట్ ఉంది, తలకు ఏమీ కాలేదు. కాని రెండు అరచేతుల చర్మమూ లేచిపోయింది. మూడు వారాలు వాళ్లమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టింది. ఇంటర్వ్యూ ఉత్తరం వస్తే సంతకం చేయలేకపోయాడు. వెయ్యి రూపాయల గ్లవ్స్ ఉంటే బహుశా తుడుచుకుని లేచేవాడు.

గ్లవ్స్ కొనేటప్పుడు అరచేతి మడమ దగ్గర తోలు గాని, గట్టి ముక్క గాని ఉందా, మణికట్టు దగ్గర బిగించే పట్టీ ఉందా అని చూడాలి. సగం వేళ్లు బయట ఉండేవి వద్దు. వేసుకుని బ్రేకు, క్లచ్చి నొక్కి చూడమనండి.

కాళ్లకు చీలమండ కప్పే బూట్లు కావాలి. హవాయి చెప్పులతో గేరు మార్చడం మన ఊళ్లలో మామూలైపోయింది. బండి పక్కకు ఒరిగితే మొదట దాని కింద పడేది పాదమే. అసలైన రైడింగ్ బూట్లు ఖరీదెక్కువ. కొత్తలో అవి కొనలేకపోతే, మన ఫ్యాక్టరీల్లో, వర్క్‌షాపుల్లో వేసుకునే చీలమండ దాకా వచ్చే తోలు సేఫ్టీ బూట్లు చాలావరకు పనికొస్తాయి. అవి పన్నెండు వందలు, పదిహేను వందలకు దొరుకుతాయి. గేరు పెడలు కిందికి కాలు దూరుతుందో లేదో బండి మీద కూర్చోబెట్టి చూడాలి. లేసులు పొడవుగా వేలాడకూడదు.

మోకాళ్లకు, మోచేతులకు పట్టీలతో కట్టుకునే గార్డులు జత పదిహేను వందల లోపు వస్తాయి. కుర్చీలో కూర్చుని మోకాలు మడిచి చూస్తే సరిగా ఉన్నదీ లేనిదీ తెలుస్తుంది. నిలబడినప్పుడు బాగుండి, కూర్చోగానే పక్కకు జారిపోయేవి దండగ.

జాకెట్, వానకోటు

"తాతా, మన ఎండలకు జాకెట్టా!" అంటారు. న్యాయమే. మన ప్రాంతంలో మే నెలలో నలభై డిగ్రీలు దాటుతుంది. అందుకే వల అల్లికలాంటి గుడ్డతో చేసిన మెష్ జాకెట్లు వచ్చాయి. బండి కదిలితే గాలి లోపలికి వస్తుంది. మూడు, నాలుగు వేల నుంచి ఉన్నాయి. మామూలు చొక్కా తారు రోడ్డు మీద ఈడ్చుకుపోతే క్షణంలో చిరిగిపోతుంది, కింద ఉన్నది చర్మం.

జాకెట్‌లో చూడవలసింది రంగు కాదు. భుజాల్లో, మోచేతుల్లో ఉన్న రక్షణ ముక్కలను బయటికి తీసి చూడండి. వాటి మీద సి.ఇ. అనే గుర్తు, ఇ.ఎన్. 1621 అనే అంకె, లెవెల్ 1 అనో 2 అనో ఉండాలి. ఇది యూరపు ప్రమాణం. లెవెల్ 2 దెబ్బ ఊపును ఇంకా తక్కువగా లోపలికి పంపుతుంది. లెవెల్ 1 ఉన్నా మేలే. చాలా చవక జాకెట్లలో వీపు దగ్గర ఉత్త స్పాంజి ముక్క పెడతారు. ఆ జేబు ఉంటే, తరువాత విడిగా అసలు ముక్క కొని పెట్టుకోవచ్చు. భుజాల దగ్గర వదులుగా ఉంటే రక్షణ ముక్క పడ్డప్పుడు పక్కకు జరిగిపోతుంది, కనుక ఒంటికి పట్టినట్టుండాలి.

వానకోటు చొక్కా, ప్యాంటు వేరువేరుగా ఉన్నదే కావాలి. దుప్పటిలా కప్పుకునేది గాలికి ఎగిరి కళ్లకు అడ్డం పడుతుంది, చక్రంలో చిక్కుతుంది. నలుపు కొనవద్దు. పసుపో, నారింజో అయితే వానలో లారీ డ్రైవరుకు కనిపిస్తుంది. హెల్మెట్ వెనక, కోటు వీపు మీద వెలుగు పడితే మెరిసే టేపు అతికిస్తే యాభై రూపాయల ఖర్చుతో రాత్రిపూట మనిషి దూరం నుంచి తెలుస్తాడు. రాత్రి నడిపేటప్పుడు హెల్మెట్ అద్దం తెల్లదే ఉండాలి, నల్లది పనికిరాదు.

ఖర్చు లెక్క

మనం లెక్కలు చూసినవాళ్లం గనుక మొత్తం చెబుతాను. ధరలు ఊరిని బట్టి కొంత మారతాయి.

మొదటి దఫా, బండితో పాటే: నడిపేవారికి హెల్మెట్ 1,800; వెనక కూర్చునేవారికి హెల్మెట్ 1,200; గ్లవ్స్ 1,000; బూట్లు 1,500. మొత్తం 5,500 రూపాయలు.

రెండో దఫా, మరుసటి నెల: మోకాలి, మోచేతి గార్డులు 1,500, వానకోటు 1,200. మొత్తం 2,700 రూపాయలు.

మూడో దఫా, వీలు చూసుకుని: మెష్ జాకెట్ 4,000 రూపాయలు.

వెరసి 12,200 రూపాయలు. లక్షా ఇరవై వేల బండికి ఇది పదో వంతు. పిల్లవాడు రోజూ ఊరు దాటి హైవే మీద వెళ్లేవాడైతే జాకెట్‌ను మొదటి దఫాలోకి తీసుకురండి.

పొదుపు ఎక్కడ చేయవచ్చో కూడా చెబుతాను. వాడిన జాకెట్, గార్డులు మంచి స్థితిలో ఉంటే స్నేహితుల దగ్గర సగం ధరకు తీసుకోవచ్చు. వాడిన హెల్మెట్ మాత్రం ఎవరు ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దు. అది ఒకసారి గట్టిగా దెబ్బ తిని ఉంటే లోపలి పొర నలిగిపోయి ఉంటుంది, పైకి తెలియదు. మన హెల్మెట్ అయినా ఒక ప్రమాదం చూసిందంటే దాని పని అయిపోయినట్టే. దెబ్బ తగలకపోయినా అయిదేళ్లకు మార్చడం మంచిది. దాన్ని పెట్రోలుతో, థిన్నరుతో తుడవవద్దు, ప్లాస్టిక్ డొప్ప బలం పోతుంది. సబ్బు నీళ్లు చాలు. లోపలి గుడ్డను షాంపూ నీళ్లలో ఉతికి నీడన ఆరబెట్టాలి. జుట్టు ఊడుతుందనే పిల్లలకు దీనితో పాటు తలకు ఒక పల్చని నూలు గుడ్డ కట్టుకోమనండి. చెమట వాసన, దురద తగ్గుతాయి.

మన వంతు

ఇక మన సంగతి. ట్రెజరీలో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వడానికి మనవడి బండి వెనక కూర్చుని, బట్టతల మెరిపించుకుంటూ వెళ్లేవారిని నేను ప్రతి ఏడూ చూస్తున్నాను. బతికే ఉన్నామని రుజువు చేసుకోవడానికి వెళ్లే దారిలో అంత నిర్లక్ష్యం తగునా? 2019లో సవరించిన చట్టం ప్రకారం నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, ముందు కూర్చున్నా వెనక కూర్చున్నా, హెల్మెట్ తప్పనిసరి. తలపాగా ధరించిన సిక్కులకు మాత్రం మినహాయింపు ఉంది. మన వయసులో ఎముక అతకడం ఆలస్యం. పైగా రక్తం పల్చబడే మాత్రలు వేసుకునేవారికి తలకు చిన్న దెబ్బ తగిలినా లోపల రక్తస్రావం ఎక్కువయ్యే ప్రమాదం ఉందని డాక్టర్లు చెబుతారు.

చంటిపిల్లలను ట్యాంకు మీద కూర్చోబెట్టి వీధి చుట్టూ తిప్పే ముచ్చట కూడా మానుకోవాలి. నాలుగేళ్ల లోపు పిల్లలను బండి మీద తీసుకువెళ్లాలంటే నడిపేవారికి కట్టి ఉంచే బెల్టు, వారి తలకు సరిపడే హెల్మెట్ ఉండాలని, వేగం గంటకు 40 కిలోమీటర్లు మించరాదని 2023 ఫిబ్రవరి నుంచి నిబంధన అమలులోకి వచ్చింది.

చివరిగా ఒక మనవి. మనవడికి, మనవరాలికి ఈ సామాను వాళ్లకు తెలియకుండా కొని తెచ్చి ఇవ్వకండి. మనం ఎంచిన రంగు వాళ్లకు నచ్చదు, నచ్చనిది అటకెక్కుతుంది. వాళ్లను దుకాణానికి తీసుకువెళ్లండి. ముద్ర, సైజు, పట్టీ మీరు చూడండి. రంగూ, రూపూ వాళ్లకు వదిలేయండి. తాతయ్య కొనిచ్చాడని కాక, తాను ఎంచుకున్నానని వాడు అనుకుంటే రోజూ పెట్టుకుంటాడు. వాడు గేటు దాటేటప్పుడు మనం వరండాలో కూర్చుని పేపరు చదువుతూనే ఉంటాం గదా. పట్టీ బిగించాడో లేదో ఒక్కసారి తల ఎత్తి చూడటం మనకు పెద్ద పనేమీ కాదు.

వచ్చే నెల సంఘం కార్యాలయానికి బండి వెనక కూర్చుని వచ్చే సభ్యులందరి చేతుల్లోనూ ఒక్కొక్క హెల్మెట్ చూడాలని నా కోరిక. పెట్టడానికి చోటు లేదంటే, ఆ మూల ఉన్న పాత బీరువా ఖాళీ చేయిస్తామని కార్యదర్శిగారు ఇప్పుడే మాట ఇచ్చారు.